నీటికాసుల ఫస్టు ర్యాంకు

పంతులుగారు చెయ్యెత్తారు. పెళ్ళికొడుకు జీలకర్రా బెల్లం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. పెళ్ళికూతురు తల వంచింది. వీడియో వాళ్ళు లైటు వేశారు. ఇక గట్టిమేళం ఒక్కటే తరువాయి. ఆ గట్టిమేళం మోగించవలసిన త్రిమూర్తులు మాత్రం లోకంతో పనిలేనట్టు, భోజనాల వేళకి వాయించే మెత్తటి తాళం ఒకటి పట్టుకుని డోలు మీద నింపాదిగా సాగిపోతున్నాడు.

పక్కన సన్నాయి ఊదుతున్న బావమరిది గంగరాజు మోచేత్తో డొక్కలో పొడిచాక డోలు దద్దరిల్లింది గానీ, అప్పటికి ముహూర్తం కాస్తా వెళ్ళిపోయింది. పెళ్ళికూతురి తండ్రి కండువా విసిరికొట్టి లేచి నిలబడ్డాడు.

"ఏంటి బావా, కూర్చుని నిద్దరోతున్నావా?" అన్నాడు గంగరాజు.

"పంతులుగారు చెయ్యెత్తలేదు కదరా!"

"ఎత్తేరు. ఎత్తి ఎత్తి ఆయనకి భుజం పీకేసింది."

త్రిమూర్తులు అటు తల తిప్పి చూశాడు. నిజమే. ఎడమపక్కన పంతులుగారి చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. తల తిప్పకముందు మాత్రం అక్కడ పంతులుగారూ లేరు, చెయ్యీ లేదు. పోనీ ఏదో చీకటిగా ఉన్నట్టయినా అనిపించిందా అంటే అదీ లేదు. అంతా మామూలుగా, నిండుగానే ఉంది, పంతులుగారు తప్ప.

వరసగా ఇంకో రెండు పెళ్ళిళ్ళలో ఇదే భాగోతం జరిగేసరికి రావిలంక ఊరంతా త్రిమూర్తులుకి మందు అలవాటైందని తేల్చేసింది. "ముక్కుపొడి కూడా ఎరగని మనిషండీ మా ఆయన," అని భార్య సత్యవేణి ఇంటింటికీ తిరిగి మొత్తుకుంది. చివరికి చెయ్యి పట్టుకుని జిల్లా ఆసుపత్రి కంటి విభాగానికి లాక్కెళ్ళింది.

అక్కడ యామినిగారని కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఉంది. ఆవిడ కళ్ళలోకి లైటు వేసి చూసి, ఒత్తిడి కొలిచి, కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది.

"వీటిని నీటికాసులంటారండి. కంట్లో ఒత్తిడి పెరిగి వెనకాల నరం ఎండిపోతుంది. ముందు పక్కచూపు పోతుంది. మధ్యచూపు చివరిదాకా బాగానే ఉంటుంది, అందుకే ఎవరికీ తెలీదు. పోయింది మాత్రం తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకోవాలి. రోజూ చుక్కలు వేసుకోండి. కొన్ని నెలలకోసారి చూపు ఎంతమేర ఉందో పరీక్ష చేస్తాం. తగ్గుతోందంటే ఆపరేషన్ చేసేద్దాం."

పరీక్ష అనగానే త్రిమూర్తులు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పదో తరగతి లెక్కల దగ్గర చతికిలబడి డోలు పట్టుకున్న మనిషి ఆయన.

"పాసవ్వాలంటే ఎన్ని మార్కులు రావాలండి?"

"ఇది ఆ పరీక్ష కాదండి. కనపడితే కనపడిందని చెప్పడమే. పాసూ లేదు, ఫెయిలూ లేదు."

ఆ ఆసుపత్రిలో ఇంత సూటిగా ఎవరూ ఎప్పుడూ మాట్లాడి ఉండరు. అందుకే కాబోలు, ఆ మాట ఎవరూ నమ్మలేదు.

చీకటి గదిలో పెద్ద తెల్లగిన్నె లాంటి యంత్రం ఉంది. దానికి గడ్డం ఆనించి, ఒక కన్ను మూసుకుని, మధ్యలో వెలిగే పసుపు దీపాన్నే చూస్తూ కూర్చోవాలి. చుట్టూ ఎక్కడో ఒకచోట తెల్లటి చుక్క మెరుస్తుంది. మెరిసినప్పుడల్లా చేతిలో ఉన్న బటన్ నొక్కాలి. చూపు లేనిచోటల్లా కాగితం మీద నల్లగా అచ్చవుతుంది. త్రిమూర్తులు కాగితం మీద ఎడమపక్కంతా మసిబారిపోయింది. డాక్టరమ్మ చుక్కలమందు రాసిచ్చింది. ఆయన వేసుకున్నాడు. కొన్నాళ్ళు ఏ గొడవా లేకుండా గడిచింది. అలా గడిచిపోయి ఉంటే ఈ కథే లేదు.

రాజధాని నుంచి కమిషనర్ గారి ఉత్తర్వు దిగింది.

"ఇందుమూలముగా యావన్మంది సూపరింటెండెంట్లకు తెలియజేయడమేమనగా, రాష్ట్రమందలి నీటికాసుల రోగుల చూపు ఏ త్రైమాసికమునందును తగ్గరాదని సానుకూలముగా నిర్ణయించడమైనది. తగ్గిన ఆసుపత్రుల నుండి సంజాయిషీ కోరబడును. చూపు పెరిగిన రోగులను కోలుకున్నవారిగా పరిగణించి, వారి చుక్కలమందును నిలుపుదల చేయవలెను."

మంచి ఉత్తర్వే. వచ్చిన చిక్కల్లా నీటికాసులకి ఉత్తర్వులు చదివే అలవాటు లేకపోవడం. వీడియో కాన్ఫరెన్సులో ఆసుపత్రుల జాబితా తెర మీద వేశారు. రావిలంక అట్టడుగున, ఎర్రరంగులో మెరిసింది.

సూపరింటెండెంట్ చక్రధరరావుగారు ఎముకల డాక్టరు. కుర్చీ వచ్చాక ఎముకల్ని కూడా వదిలేశారు. ఆయన ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం పెట్టారు.

"మన ముందు రెండు మార్గాలున్నాయి. ఒకటి, రోగులకి చూపు నిలబెట్టడం. రెండు, మార్కులు పెంచడం. మొదటిది వైద్యానికి సంబంధించిన విషయం. దాని జోలికి ప్రస్తుతం వద్దు."

"సార్, చూపు తగ్గుతోందో లేదో తెలుసుకోడానికే కదా ఆ పరీక్ష ఉంది?" అంది యామిని. "తగ్గినట్టు చూపించకూడదని దానికే చెప్తే ఎలా?"

"అమ్మా, మీరు చిన్నవారు. మా అబ్బాయికి లెక్కలు రావు. ఇప్పటికీ రావు. అయినా ఇంజనీరింగులో ర్యాంకొచ్చింది. ఎలా వచ్చింది?"

ఎలా వచ్చిందో మర్నాడు ఉదయం స్వయంగా ఆసుపత్రికి విచ్చేసింది. ఆయన పేరు జోగారావు మాస్టారు. జేబులో నాలుగు రంగుల పెన్నులు, చేతిలో స్టీలు ఫ్లాస్కు. ఓ రెసిడెన్షియల్ కాలేజీలో ఏళ్ళతరబడి పిల్లల్ని రుబ్బి ర్యాంకులు పిండిన మనిషి. ఆయన్ని 'దృష్టి వికాస సలహాదారు'గా నియమించారు. ఆయన యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి, గిన్నెలోకి తొంగి చూశారు.

"సిలబస్ ఎంతండి?"

"సిలబస్ ఏమిటండి! యాభై నాలుగు చోట్ల చుక్కలొస్తాయి," అంది యామిని.

"మొత్తం కలిపి అంతేనా? ఏటేటా మారుతుందా?"

"మారదు. అవే చోట్లు. వరస మారుతుందంతే."

మాస్టారు జాలిగా నవ్వారు. "మారని సిలబస్సు. ఒకటే రకం ప్రశ్న. జవాబు ఒక బటను. దీనికి పేషెంట్ల చేత ఇన్నాళ్ళూ నల్లకాయితాలు తెప్పిస్తున్నారా! ఔరా!"

ఓపీ హాల్లో బెంచీలు వరసగా వేశారు. పొద్దున్నే స్టడీ అవర్, తర్వాత క్లాసు, వారం వారం గ్రాండ్ టెస్టు. నీటికాసుల రోగులందర్నీ మార్కుల ప్రకారం సెక్షన్లు చేశారు. త్రిమూర్తులు సి సెక్షన్లో పడ్డాడు. పక్కన పేరమ్మగారు. ఆవిడకి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదు, కోడలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెడుతుంది.

"త్రిమూర్తులుగారూ, లేవండి. మీ వీక్ ఏరియా ఏది?"

"ఎడంపక్కండి."

"ఎందుకు వీకు?"

"కనపడదండి."

"కనపడదు అనకూడదు. ప్రాక్టీసు లేదు అనాలి. ఏదీ, అనండి."

"ప్రాక్టీసు లేదండి," అన్నాడు త్రిమూర్తులు తల వంచుకుని. ఆ వయసులో అందరి ముందూ అలా నిలబడడం ఎంత సిగ్గో పడ్డవాడికే తెలుస్తుంది.

"ఇంకో సంగతి. ఇందులో నెగటివ్ మార్కులున్నాయి. యంత్రం అప్పుడప్పుడూ ఉత్తినే మోత చేస్తుంది, చుక్క వెయ్యదు. తెలిసీ తెలియక నొక్కేవాళ్ళని పట్టుకోడానికి పెట్టిన ఎత్తు అది. అందుకని గుడ్డిగా నొక్కొద్దు."

గుడ్డిగా నొక్కొద్దన్న మాటకి పేరమ్మగారు నిష్ఠగా తలూపింది.

మొదటి గ్రాండ్ టెస్టు వచ్చింది. త్రిమూర్తులు ఇష్టదైవానికి దణ్ణం పెట్టుకుని చీకటి గదిలోకి వెళ్ళి గిన్నెలో తల పెట్టాడు. మనసులో ఒకటే దిగులు, ఇంట్లో సత్యవేణికి ఏం మొహం చూపించాలా అని. గది నిశ్శబ్దంగా ఉంది. అప్పుడు వినపడింది. యంత్రం కడుపులో ఏదో తిరుగుతోంది, ర్ర్ర్ అని. తిరిగి ఆగి, టిక్ అంటోంది. టిక్ అన్న ప్రతిసారీ ఎక్కడో చుక్క వేస్తోందన్నమాట. ఉత్తుత్తి మోతకి టిక్ లేదు, ర్ర్ర్ ఒక్కటే.

చిన్నప్పట్నుంచీ డోలు మీద బతికిన వేళ్ళు అవి. సన్నాయి ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో ముందే కనిపెట్టే వేళ్ళు. తాళం వినపడితే అవి ఆగుతాయా? టిక్ అనేసరికి బొటనవేలు దానంతటదే పడింది. ర్ర్ర్ టిక్, నొక్కు. ర్ర్ర్, ఊరుకో. ర్ర్ర్ టిక్, నొక్కు. భలే ఉందే ఇది అనుకున్నాడు త్రిమూర్తులు, నడుమ ఎక్కడా తాళం ఆగకుండా చివరిదాకా వాయించేశాడు.

తొంభై తొమ్మిది శాతం.

మాస్టారు కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. హాలు చప్పట్లతో హోరెత్తింది. త్రిమూర్తులు కంగారుపడ్డాడు.

"అయ్యా, కనపడలేదండి. వినపడిందండి. చుక్కకి ముందు టిక్కంటోందండి లోపల."

మాస్టారి కళ్ళు మెరిశాయి. "షార్ట్‌కట్!" అన్నారు. ఆ పదం ఆయన అంత భక్తిగా పలకడం పక్కవాళ్ళెవరూ ఎరగరు.

విషయం సూపరింటెండెంట్ గారిదాకా వెళ్ళింది. ఆయన ఉత్తర్వును పైనుంచి కిందికీ, కిందనుంచి పైకీ చదివారు. "చూపు తగ్గరాదు అని ఉన్నదే తప్ప, ఏ జ్ఞానేంద్రియముతో చూడవలెనన్నది ఇందులో ఎక్కడా స్పష్టం చేయబడలేదు. కనుక అభ్యంతరం లేదు," అని సెలవిచ్చారు.

ఆ రోజు నుంచి త్రిమూర్తులు దశ తిరిగింది. డోలు తెచ్చి హాల్లో పెట్టారు. ఆయన యంత్రం మోతను డోలు మీద వాయించి చూపిస్తే, రోగులందరూ కళ్ళు మూసుకుని తాళం వేస్తారు. చెవులు మందగించిన వాళ్ళని చీటీ రాసి చెవీ ముక్కూ గొంతూ విభాగానికి పంపారు: 'రోగికి వినికిడి తక్కువగా ఉన్నందున చూపు తగ్గుచున్నది, తగు చర్య నిమిత్తం.' వాళ్ళు చెవుల్లో గుబిలి తీసి తిరిగి పంపితే, వీళ్ళకి చూపొచ్చేది. ఒకాయనకి చెవి మిషను పెట్టించారు. ఆయన ఎనభై ఏడు తెచ్చుకున్నాడు.

పేరమ్మగారికి తొంభై ఆరు వచ్చింది. ఫలితం విని పొంగిపోయి లేచి, గుమ్మం దాకా వెళ్ళి, మూసి ఉన్న తలుపుని "కాస్త తప్పుకో నాయనా" అని బతిమాలుకుంది.

నాలుగు రోడ్ల కూడలిలో ఫ్లెక్సీ లేచింది. పైన సూపరింటెండెంటూ మాస్టారూ నమస్కారం పెడుతూ ఉన్నారు. కింద వరసగా కళ్ళజోళ్ళ మొహాలు, మొహాల కింద మార్కులు. అందరికన్నా పెద్ద బొమ్మ త్రిమూర్తులుది. సత్యవేణి చుట్టాలందర్నీ వెంటేసుకుని వెళ్ళి చూపించింది. "మా ఆయనకి చదువబ్బలేదని మా పుట్టింట్లో ఎన్ని మాటలన్నారండీ! చూస్కోండి మరి!" అంది కళ్ళనీళ్ళు పెట్టుకుని. త్రిమూర్తులు కూడా ఫ్లెక్సీ కింద నిలబడి చూసుకున్నాడు. ఆనందంగా లేదంటే అబద్ధం. జన్మలో మొదటిసారి పరీక్షలో గెలిచాడు, అదీ ఫస్టు. తన బొమ్మకి ఎడమపక్క ఎవరున్నారో చూడాలంటే తల తిప్పాల్సి వచ్చింది. ఆ సంగతి పట్టించుకోబుద్ధి కాలేదు.

చుక్కల కోసం మందుల కిటికీ దగ్గరికి వెళ్తే లేదన్నారు. "మీరు కోలుకున్నారు కదండీ. కోలుకున్నోళ్ళకి మందిస్తే ఆడిట్‌లో అడుగుతారు."

"పోనీ బయట కొనుక్కుంటానే," అన్నాడు ఇంటికొచ్చి.

"ఊరుకోండి! ఫస్టొచ్చినోళ్ళు మందు కొనుక్కుంటుంటే నలుగురూ ఏమనుకుంటారు?" అంది సత్యవేణి. ఆయన ఊరుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాట కోసమే అడిగినట్టున్నాడు.

ఆరోగ్యం కాగితం మీద దివ్యంగా ఉంది. పెళ్ళిళ్ళలో మాత్రం గంగరాజు కాలి బొటనవేలితో తొక్కితే గానీ గట్టిమేళం మోగడం లేదు. ఒక పెళ్ళిలో పందిట్లోకి నడిచొస్తూ అయిరేని కుండల వరసలోకి నేరుగా నడిచాడు. కుండలు భళ్ళున పగిలాయి. ముత్తయిదువలు శాపనార్థాలు పెట్టారు. 'జిల్లా ఫస్టు' అని ఎవరో వెటకారంగా అన్నారు. త్రిమూర్తులు ఇంటికెళ్ళి సత్యవేణిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూశాడు. మొహం కనపడుతోంది. చెవుల బుట్టలు కనపడడం లేదు. మొన్న ఉగాదికి కనపడ్డాయి. ఆయనకి భయమేసింది. పచ్చి భయం, చిన్నపిల్లాడికి వేసినట్టు.

తెల్లారేసరికి డాక్టరమ్మ గది ముందు ఉన్నాడు. యామిని ఒత్తిడి కొలిచింది, నరం చూసింది, మందుల చీటీ తిరగేసింది.

"చుక్కలు ఎందుకు ఆపారండీ?"

"కోలుకున్నానన్నారండి."

"కోలుకోలేదు, త్రిమూర్తులుగారూ. రెండు కళ్ళూ దెబ్బతింటున్నాయి. ఇలాగే వదిలేస్తే ఏడాది తిరిగేలోగా మధ్యచూపు కూడా పోతుంది. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి."

ఆవిడ ఫైలు పట్టుకుని సూపరింటెండెంట్ గారి గదికి వెళ్ళింది. త్రిమూర్తులు గుమ్మం బయట నిలబడ్డాడు. చెవులు మంచివి కావడంతో అంతా వినపడింది.

"తొంభై తొమ్మిది వచ్చిన వ్యక్తికి ఆపరేషనా? ఫస్టు ర్యాంకర్‌ని టేబుల్ మీద పడుకోబెడితే సెకండు ర్యాంకర్‌కి మనం ఇచ్చే సందేశం ఏమిటమ్మా?"

"నరం చచ్చిపోతోంది సార్! నేను కళ్ళారా చూశాను."

"నరం అన్నది మీ అభిప్రాయం. తొంభై తొమ్మిది అన్నది ప్రభుత్వ గణాంకం. రెంటికీ తేడా వస్తే అభిప్రాయం సవరించుకోవాలి."

వేరే ఆసుపత్రికి పంపుదామంటే, కోలుకున్నవారిని పంపే పద్ధతి లేదన్నారు. ప్రైవేటులో చేయించుకునే తాహతు డోలుకి లేదు. ఇక మిగిలింది ఒక్కటే దారి. కొత్త పరీక్ష పెట్టి, చూపు తగ్గిందని కాగితం మీద చూపించడం.

"ఫెయిలవ్వమంటారా అండి?" అన్నాడు త్రిమూర్తులు, ఫెయిలవడం తనకి కొత్త కాదన్న ధైర్యంతో.

"వద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి చాలు. వినకండి, చూడండి."

వినకుండా ఉండడం ఎలా? ఆయన చెవుల్లో దూది కుక్కుకుని గిన్నెలో తల పెట్టాడు. వేళ్ళు తాళం కోసం తహతహలాడాయి. లోకం నిశ్శబ్దమైపోయింది. ఎప్పుడో ఒకసారి, సరిగ్గా మధ్యలో, ఒక చుక్క మెరిసింది. నొక్కాడు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ ఖాళీలో కూర్చున్నప్పుడు ఆయనకి మొదటిసారి అర్థమైంది, ఎంత పోయిందో.

కాగితం దాదాపు నల్లగా వచ్చింది. మధ్యాహ్నానికల్లా విచారణ సంఘం కూర్చుంది. సూపరింటెండెంటుగారు, జోగారావు మాస్టారు, వాళ్ళ మధ్య సాక్ష్యంగా ఒక పళ్ళెంలో దూది.

"చెవుల్లో దూది పెట్టుకుని కంటి పరీక్షకు హాజరగుట. అంగీకరిస్తున్నారా?"

"ఆయ్. పెట్టుకున్నానండి."

"ఎవరి ప్రోద్బలంతో?"

"ఎవరూ లేరండి బాబూ. నిజంగా నాకు కనపడడం లేదండి."

"మరి మొన్న ఎలా కనపడింది?"

"మొన్న వినపడిందండి."

"వినపడే అవకాశం ఉండగా వినకపోవడం నిర్లక్ష్యం కాదా?" అన్నారు మాస్టారు బాధగా. "నా చేతుల మీదుగా వేలమంది పిల్లలు వెళ్ళారు. కావాలని పరీక్ష తప్పినవాణ్ణి మిమ్మల్నే చూశాను."

మాల్‌ప్రాక్టీసు కింద ఫలితం నిలిపివేశారు. పాత తొంభై తొమ్మిదే అమల్లో ఉంటుందన్నారు. త్రిమూర్తులు చేతులు జోడించాడు. అప్పటిదాకా ఎవరి కాళ్ళూ పట్టుకోని మనిషి, బల్ల కింద కాళ్ళ కోసం వంగాడు కూడా. అవి ఎటువైపున్నాయో కనపడలేదు.

ఇంతలో రావిలంక రాష్ట్రంలోనే మొదటి స్థానానికి వచ్చిందనీ, కమిషనర్ గారు స్వయంగా వస్తున్నారనీ కబురొచ్చింది. ఆసుపత్రికి సున్నాలు వేశారు. హాల్లో వేదిక కట్టారు. త్రిమూర్తులుకి శాలువా కప్పుతారని సత్యవేణి పట్టుచీర కట్టుకుని ముందువరసలో కూర్చుంది.

కమిషనర్ గారు వచ్చారు, దండలు వేయించుకున్నారు, పత్రికలవాళ్ళని చూశారు. చూసి ముచ్చటపడ్డారు.

"ఆ యంత్రం మీద నేను కూర్చుంటే ఎలా ఉంటుంది? ప్రజలకి ఒక భరోసా కదా?"

"మహద్భాగ్యం సార్!" అన్నారు సూపరింటెండెంట్ గారు.

కమిషనర్ గారి కళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. ఆకాశంలో గద్దని పోల్చగలరు. ఆయన గిన్నెలో తల పెట్టారు. చేతికి బటన్ ఇచ్చారు. మొదటి చుక్క మెరవగానే ఠపీమని నొక్కారు. నొక్కి, ఆగారు. ఆయన సర్వీసంతా బటన్ నొక్కితే బంట్రోతు రావడం ఎరుగుదురు. బంట్రోతు రాలేదు. ఇంకో చుక్క మెరిసింది, ఇంకోటి మెరిసింది. ఒకసారి నొక్కాక మళ్ళీ నొక్కడం హోదాకి తగదు. ఆయన కోపంగా గుమ్మం వైపు చూశారు. ఫోటోల కోసం ఇటు తిరిగి చిరునవ్వు నవ్వారు. ఫోను మోగితే మాట్లాడారు. యంత్రం పాపం తన పని తాను చేసుకుపోయింది.

బయటికొచ్చిన కాగితం అమావాస్యలా ఉంది. ఇంత నల్లటి కాగితం పేరమ్మగారికి కూడా ఎప్పుడూ రాలేదు. సూపరింటెండెంట్ గారు దాన్ని తలకిందులు చేసి కూడా చూశారు. ఇది కమిషనర్ గారి కాగితమని తెలిస్తే ఉద్యోగం ఉంటుందా?

"మాస్టారూ, చచ్చాం," అన్నారు గుసగుసగా.

"కంగారుపడకండి సార్," అన్నారు మాస్టారు అంతకన్నా మెల్లగా. "పెద్ద పెద్ద బోర్డు పరీక్షల్లోనే జవాబు పత్రాలు తారుమారవుతుంటాయి. మన ఫస్టు ర్యాంకరూ, ఈయనా. ఇద్దరు మనుషులు, రెండు కాయితాలు. ఏది ఎవరిదైతేనేం?"

గోడ వారగా శాలువా కోసం ఎదురుచూస్తూ నిలబడ్డ త్రిమూర్తులుకి ఈ మాటలు పొల్లుపోకుండా వినపడ్డాయి. నోరు మాత్రం తెరవలేదు.

కమిషనర్ గారు కోటు సర్దుకుంటూ బయటికొచ్చారు. "ఏమొచ్చింది?"

"తొంభై తొమ్మిది సార్! రాష్ట్ర రికార్డు!"

"నేను ఒక్కసారే నొక్కానే?"

"అదే సార్ తమ ప్రత్యేకత. మామూలు మనుషులు కనపడ్డ ప్రతిదానికీ నొక్కేస్తారు."

ఆయన తలపంకించారు. ఆ లెక్క తనకి ఎప్పుడూ తెలుసన్నట్టు. అప్పుడు బల్ల మీద రెండో కాగితం కంటపడింది. "ఛీ ఛీ, ఇదేమిటి, ఇంత నల్లగా? ఎవరిది?"

"త్రిమూర్తులని, ఒక... ఒక స్థానిక కళాకారుడిది సార్."

"ఇంత దారుణంగా చూపు పోతుంటే ఇంకా ఆపరేషన్ చెయ్యలేదా? నేనిక్కడ నిలబడి ఉండగా? ఎవరయ్యా ఇక్కడ బాధ్యులు?"

అంతే. సూపరింటెండెంట్ గారి పెన్ను బయటికొచ్చింది. ఇన్నాళ్ళూ కదలని సంతకం కమిషనర్ గారి కళ్ళముందే పరుగులు తీసింది. కాగితం యామిని చేతికొచ్చింది. ఆవిడ దాన్ని చూసి, త్రిమూర్తులు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"ఇందులో ఒక్కసారే నొక్కినట్టుంది. మీరేనా?"

"నేనసలు ఈ రోజు గదిలోకే వెళ్ళలేదండి."

ఆవిడ వేదిక మీద దండల్లో మునిగిన కమిషనర్ గారిని చూసింది, చేతిలో కాగితాన్ని చూసింది. ఆ ఆసుపత్రిలో చేరాక మొదటిసారి ఆవిడకి నవ్వాగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పదండి, పదండి. వీళ్ళ మనసు మారకముందే," అని చెయ్యి పట్టుకుని వార్డులోకి లాక్కుపోయింది. శాలువా కమిషనర్ గారికే కప్పారు.

మర్నాడు పొద్దున్నే ఆపరేషన్ అయింది. కొద్దిరోజుల తేడాతో రెండో కంటికి కూడా చేసేసింది యామిని, అదే సంతకం వేడి చల్లారకముందే. కట్టు విప్పాక ఆవిడ పరీక్షగా చూసి, ఉన్నది ఉన్నట్టే చెప్పింది.

"ఒత్తిడి అదుపులోకి వచ్చింది. ఇప్పుడున్న చూపు నిలబడుతుందండి. కానీ మొదట మీరు వచ్చినప్పుడు ఉన్నంత లేదు. ఆ ర్యాంకు నెలల్లో చాలా పోయింది. అది ఇక రాదు."

త్రిమూర్తులు తలూపాడు. ఎవరినీ అనడానికి నోరు రాలేదు, ఫ్లెక్సీ కింద నిలబడి మురిసిపోయింది తనే కదా.

"పేరమ్మగారి సంగతేంటండి?" అని అడిగాడు కాసేపటికి. "ఆవిడ చుక్కలు కూడా ఆపేశారు కదండీ."

యామిని కేసుషీటు మూసింది. "ఆవిడ మార్కులు తొంభై ఆరు. ఆవిడకి మందు రావాలంటే మళ్ళీ ఎవరైనా పెద్దాఫీసరు వచ్చి పరీక్షకి కూర్చోవాలి," అని, మరో మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

సత్యవేణి బత్తాయి వొలుస్తూ పక్కన కూర్చుంది. మొహం చిన్నబోయి ఉంది. కూడలిలో త్రిమూర్తులు బొమ్మ తీసేసి కమిషనర్ గారి బొమ్మ పెట్టారట. వీధిలో అందరూ అడుగుతున్నారట, ఏమ్మా మీ ఆయన ర్యాంకు పోయిందంట కదా అని. కాసేపు ముక్కు చీదుకుని, తనని తనే సముదాయించుకుంది.

"పోన్లెండి. పోతే పోయింది వెధవ ర్యాంకు. ఏదైతేనేం, మీరు పరీక్ష తప్పబట్టి కళ్ళు దక్కాయి."

త్రిమూర్తులు ఆవిడ మొహం వైపే చూస్తున్నాడు. ఆ మొహం వరకూ స్పష్టంగా ఉంది. అది చాలనుకున్నాడు.

"నేనెక్కడ తప్పానే పిచ్చిదానా?" అన్నాడు. "తప్పింది కమిషనర్ గారు."